మామయ్య మినోల్టాకి మీటరు బాగుచేయించాను: కోఠీ రిపేరు షాపు గురించి

పాత ఫిల్మ్ కెమెరా ఉండి, అందులో లైట్ మీటరు (వెలుగు ఎంతుందో కొలిచే భాగం) ఒకరోజు సరిగ్గా, ఇంకోరోజు తప్పుగా చూపిస్తోందని తల పట్టుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను. షాపు మంచిది, పని నిక్కచ్చిగా చేశారు, డబ్బు న్యాయంగా తీసుకున్నారు. కానీ వారం అన్నది అయిదు వారాలైంది, ఫోన్ ఎత్తరు, బిల్లు ఇవ్వరు. ఇవి సర్దుకోగలిగితే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. షాపు పేరు రాస్తానంటే షాపాయనే వద్దన్నారు, ఒక్కడినే చేసుకుంటున్నాను, ఉన్న పనే తెమలడం లేదు అని. కోఠీలో కెమెరా షాపుల్లో పాత ఫిల్మ్ కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఎక్కడ అని అడిగితే మెట్లు చూపిస్తారు.

కెమెరా మా పెద్దమామయ్యది. ఓడల్లో పనిచేసేవాడు, 1972లో సింగపూర్‌లో దిగినప్పుడు కొన్నాడు. మినోల్టా ఎస్ఆర్‌టీ 101, దానికి 55 ఎంఎం ఎఫ్1.7 రొక్కోర్ లెన్సు. 1966లో మొదలైన మోడల్ ఇది. లెన్సులోంచి లోపలికి వచ్చిన వెలుగునే కొలుస్తుంది, అది కూడా ఎపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే లెన్సు రంధ్రం) మూయకుండా, వ్యూఫైండర్ చీకటి కాకుండా కొలుస్తుంది. అప్పట్లో అది చాలా గొప్ప సౌకర్యం. విశాఖలో మా ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళు, బారసాలలు, తాతయ్య షష్టిపూర్తి అన్నీ ఈ కెమెరాతో తీసినవే. మామయ్యకి చూపు తగ్గాక నా చేతిలో పెట్టాడు.

ఈ కెమెరాలో షట్టరు (ఫిల్మ్ ముందు క్షణంపాటు తెరుచుకుని మూసుకునే తెర) అంతా స్ప్రింగులు, గేర్లే. బ్యాటరీ కేవలం మీటరు కోసం. అంటే మీటరు చచ్చిపోయినా కెమెరా ఆగదు, ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ పెట్టుకుని చూసి తీసుకోవచ్చు. చాలామంది నాకు ఇదే సలహా ఇచ్చారు. తప్పు సలహా కాదు, నేనూ ఆరు నెలలు అలాగే తీశాను. కానీ ఈ కెమెరా అసలు హాయి వేరు. వ్యూఫైండర్‌లో ఒక పక్కన సన్నటి సూది ఉంటుంది, వెలుగును బట్టి అది పైకీ కిందికీ కదులుతుంది. ఇంకో సూదికి చివర చిన్న గుండ్రటి రింగు ఉంటుంది. మీరు ఎపర్చర్ తిప్పినా, షట్టర్ స్పీడు మార్చినా ఆ రింగు కదులుతుంది. రింగు తీసుకెళ్ళి సూది మీద కూర్చోబెడితే ఎక్స్‌పోజర్, అంటే ఫిల్మ్ మీద పడే వెలుగు, కుదిరినట్టే. కంటి నుంచి కెమెరా దించక్కర్లేదు. పిల్లాడు నవ్వుతుంటే ఫోన్ తీసి, యాప్ తెరిచి, కొలిచి, మళ్ళీ కెమెరా ఎత్తేలోపు ఆ నవ్వు ఉండదు కదా. అందుకే ఆ సూది నాకు కావాలి.

సమస్య ఎలా మొదలైందంటే, మా పిన్ని కొడుకు గృహప్రవేశానికి ఒక రీలు తీశాను, కడిగించి చూస్తే నెగటివ్‌లు పల్చగా, నీళ్ళలా ఉన్నాయి, అంటే ఫిల్మ్‌కి వెలుగు చాలలేదు. నీడలో ఉన్నవాళ్ళ ముఖాల్లో ఏమీ లేదు, స్కాన్‌లో బూడిదరంగు గింజలు తప్ప. రెండో రీలు చక్కగా వచ్చింది. మూడోదాంట్లో సగం బాగు, సగం పాడు. పూర్తిగా చెడిపోయిన మీటరు కన్నా ఇది చాలా దారుణం, ఎందుకంటే పూర్తిగా పోతే నమ్మడం మానేస్తాం, ఇది మాత్రం నమ్మించి ముంచుతుంది. రీలు కొనడం, కడిగించడం, స్కాన్, అన్నీ కలిపి ఇప్పుడు దాదాపు రెండు వేలు అవుతోంది. కెమెరా అడుగుభాగం మీద వేలితో తడితే సూది ఒక్కసారి ఎగిరి కూర్చునేది, అప్పుడు కూడా ఎక్కడ కూర్చుంటే అది నిజమో తెలిసేది కాదు.

మొదట ఇక్కడ విశాఖలోనే ఒక షాపులో చూపించాను. కెమెరా విప్పనైనా విప్పలేదు. అటూ ఇటూ తిప్పి, సెన్సర్ పోయింది, వేరే పాత కెమెరాలోంచి తీసి వెయ్యాలి, నాలుగున్నర వేలు అవుతుంది అన్నారు. బ్యాటరీ ఎంత ఓల్టేజి ఇస్తోందని కూడా చూడలేదు. నాకు నమ్మకం కుదరలేదు, తెచ్చేసుకున్నాను. ఆ నెలలోనే ఏదో పని మీద గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్తుంటే కెమెరా కూడా బ్యాగులో పెట్టుకున్నాను.

కోఠీలో ఆ షాపు అంటే మేడ మీద చిన్న గది. ఒక బల్ల, దాని మీద ఒంగి ఉన్న దీపం, గోడకి అరల్లో యాషికాలు, జెనిట్‌లు, పెంటాక్స్ కే1000లు, కొన్నిటికి లెన్సు లేదు, కొన్నిటికి పైకప్పే లేదు. పెద్దాయనకి డెబ్బై దగ్గరగా ఉంటాయి. నేను కథంతా చెబుతుంటే వింటూనే రూపాయి బిళ్ళతో అడుగున బ్యాటరీ మూత తిప్పి, బ్యాటరీ అరచేతిలో పడేసుకుని, "ఈ సెల్లు ఎవరిచ్చిండ్రు నీకు?" అన్నారు. ఆన్‌లైన్‌లో ఈ కెమెరా పేరు కొడితే వచ్చింది అంకుల్, సైజు సరిపోయింది అన్నాను. మల్టీమీటర్ పెట్టి చూపించారు, 1.52 ఓల్టులు. "మీటరు మంచిగనే ఉన్నట్టుంది బిడ్డా. నువ్వు దానికి పెడుతున్న తిండే తప్పు" అన్నారు.

ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్పాలి, ఎందుకంటే 1960ల, 70ల కెమెరాల్లో మీటరు తప్పు చూపించడానికి చాలాసార్లు మూలం ఇదే. ఈ కెమెరాని పీఎక్స్625 అనే పాదరసం బ్యాటరీ కోసం తయారుచేశారు. దాని ఓల్టేజి 1.35. అంతకన్నా ముఖ్యం, అది అయిపోయే చివరి రోజుల వరకూ దాదాపు అదే 1.35 దగ్గర నిలకడగా ఉంటుంది. మీటరులో సూది ఎంత లేవాలన్నది ఆ అంకె మీద ఆధారపడి ఉంది. ఇప్పుడు అదే సైజులో దొరికేది ఆల్కలైన్ బ్యాటరీ. కొత్తదానికి 1.5 ఓల్టుల పైనే ఉంటుంది, వాడుతున్నకొద్దీ మెల్లగా దిగుతూ పోతుంది. ఓల్టేజి ఎక్కువైతే సూది ఉన్న వెలుగు కన్నా ఎక్కువ చూపిస్తుంది, మనం దాన్ని నమ్మి ఎపర్చర్ మూసేస్తాం, నెగటివ్ పల్చబడుతుంది. పైగా బ్యాటరీ దిగుతున్నకొద్దీ తప్పు కూడా మారుతుంది, కాబట్టి ఒక లెక్క వేసుకుని సరిచేసుకోవడం కూడా కుదరదు. స్విచ్చులో బీసీ అని ఉంటుంది, బ్యాటరీ చెక్ అన్నమాట. నా కెమెరాలో సూది ఆ గుర్తు దాటి పైకి పోయేది. బ్యాటరీ నిండుగా ఉందనుకున్నాను. ఓల్టేజి ఎక్కువైందని అది చెబుతున్న సంగతి ఆయన చెప్పేదాకా తెలియలేదు.

పాదరసం బ్యాటరీలు ఇక రావు, రాకూడదు కూడా. అమెరికాలో 1996లోనే వాటి అమ్మకం చట్టం పెట్టి ఆపేశారు. జపాన్‌లో మినమాటా అనే ఊళ్ళో ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోంచి మనుషుల్లోకి వెళ్ళి, వేలమంది నరాలు దెబ్బతిన్నాయి, తల్లుల కడుపులో ఉన్న బిడ్డలకీ పాకింది. ఆ ఊరి పేరుతోనే 2013లో పాదరసం మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఆ జబ్బుని ప్రపంచానికి చూపించిన ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ 1970ల మొదట్లో అక్కడ ఉండి తీసిన ఫోటోలకి వాడినవాటిలో ఇదే మోడల్, మినోల్టా ఎస్ఆర్‌టీ 101 ఉంది. ఈ విషయం తెలిసిన రోజు నేను కెమెరా బల్ల మీద పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆ బ్యాటరీ దొరకడం లేదని నాకు ఆ తర్వాత ఒక్కసారి కూడా విసుగు రాలేదు.

సరే, షాపు దగ్గరికి వస్తాను. బ్యాటరీ మాట తేలాక నేను లేవబోయాను. ఆయన కూర్చోమన్నారు. బ్యాటరీ ఒక్కటే తప్పయితే సూది ఎగరదు కదా అన్నారు. కింది ప్లేటు స్క్రూలు విప్పారు. బ్యాటరీ గదికి కింద అతికిన వైరు కొస పచ్చగా, చిలుము పట్టిన రాగి చెంబు అడుగులా ఉంది. ఎప్పుడో ఏదో బ్యాటరీ కారింది. పైకి గది శుభ్రంగానే కనిపిస్తుంది, మామయ్యే తుడిచి ఉంటాడు, కానీ ఆ రసం వైరు తొడుగు లోపలికి పాకిపోయింది. పట్టకారుతో తొడుగు గీకితే లోపల రాగి బదులు నల్లటి పొడి రాలింది. ఆ వైరుకి రెండు పక్కలా మల్టీమీటరు పెట్టి, మెల్లగా కదుపుతూ నన్ను చూడమన్నారు. ఒకసారి సున్నా, ఒకసారి రెండు వేల ఓములు, మళ్ళీ సున్నా. స్విచ్చు కాంటాక్టుల మీద కూడా నల్లటి పొర.

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. బ్యాటరీ సూదిని పైకి లాగుతోంది, కుళ్ళిన వైరు కిందికి లాగుతోంది. రెండూ సమానంగా లాగిన రోజున మీటరు సరిగ్గా చూపిస్తుంది, ఆ రీలు బాగా వస్తుంది. వైరు కాస్త కదిలి బాగా తగిలిన రోజున బ్యాటరీ తప్పు ఒక్కటే మిగులుతుంది, ఆ రీలు పాడవుతుంది. అంటే బాగా వచ్చిన రీళ్ళు కూడా రెండు తప్పులు కలవడం వల్లే బాగా వచ్చాయి. సెన్సర్‌లో ఏ దోషమూ లేదు. నాలుగున్నర వేలు పెట్టి సెన్సర్ మార్చి ఉంటే కూడా సూది అలాగే ఎగిరేది.

ఆయన పరీక్ష చేసే పద్ధతి నాకు బాగా నచ్చింది. పాలగాజు బిగించి లోపల దీపం పెట్టిన పెట్టె ఒకటి ఉంది, వెలుగు మూడు మెట్లుగా మార్చొచ్చు. ముందు తన డిజిటల్ కెమెరా దానికి ఎదురుగా పెట్టి కొలుస్తారు, తర్వాత మన కెమెరా. డిజిటల్‌లో ఐఎస్ఓ (ఫిల్మ్ వెలుగుకి ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) 100కి ఎపర్చర్ ఎఫ్8, షట్టర్ స్పీడు 1/125 సెకను వచ్చిన చోట, వైరు నొక్కిపట్టి చూస్తే నా మినోల్టా 1/500 కావాలంటోంది. రెండు స్టాపులు తేడా (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది). ఒక చీటీ మీద మూడు వెలుగులకీ అంకెలు రాసి, రిపేరు తర్వాత అదే చీటీ మీద పక్కన కొత్త అంకెలు రాసి ఇచ్చారు. బిల్లు లేదు కానీ ఈ చీటీ ఉంది, నాకు బిల్లు కన్నా ఇదే విలువైనది.

ఏం చెయ్యొచ్చో మూడు దారులు చెప్పారు. ఒకటి, వైరు మార్చి, చెవి మెషిన్‌లో వేసే 675 నంబరు జింక్ బ్యాటరీ వాడుకోవడం. దాని ఓల్టేజి 1.4, నిలకడగా ఉంటుంది, మెడికల్ షాపులో దొరుకుతుంది. చుట్టూ చిన్న రబ్బరు రింగు వేస్తే గదిలో కదలకుండా ఉంటుంది. కానీ అది గాలి పీల్చి పనిచేసే బ్యాటరీ, స్టిక్కర్ పీకిన దగ్గర్నుంచి వాడినా వాడకపోయినా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకి మించి రాదు. రెండోది, మీటరు లోపలి సర్దుబాటునే 1.55 ఓల్టులకి మార్చేయడం. మూడోది, కొత్త వైరు మధ్యలో షాట్కీ డయోడ్ ఒకటి అతికించి, వాచీలకి వాడే రకం సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీ ఎస్ఆర్44 వేసుకోవడం. ఆ బ్యాటరీ 1.55 దగ్గర నిలకడగా ఉంటుంది, డయోడ్ దాదాపు 0.2 దించేస్తుంది, మీటరుకి అందేది మళ్ళీ పాత 1.35. డయోడ్ ఖరీదు పది రూపాయలు కూడా ఉండదు, పక్కనే గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

రెండోదాని గురించి ఆయన అన్న మాట నాకు గుర్తుండిపోయింది. లోపలి సర్దుబాటు ముట్టుకుంటే, రేపు ఇంకెవరైనా విప్పినప్పుడు ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టిందో తెలియదు, డయోడ్ అయితే ఎప్పుడైనా ఊడదీసి పారేయొచ్చు. నేను మూడోదే చేయమన్నాను. వైరు, స్విచ్చు శుభ్రం చేయడం, డయోడ్ కలిపి 1,200, వెనక తలుపుకి వెలుగు దూరకుండా ఉండే, కరిగి జిగురైపోయిన పాత ఫోమ్ తీసి కొత్తది వేయడానికి 600. మొత్తం 1,800. కెమెరా వదిలేసి వచ్చాను.

ఆ తర్వాత అయిదు వారాలు మాత్రం టెన్షన్ పడ్డాను. వారం అన్నారు. రెండో వారం నుంచి ఫోన్ చేస్తే మోగుతుంది, ఎత్తరు. మామయ్య ప్రతి ఆదివారం "కెమెరా వచ్చిందా రా?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. చివరికి హైదరాబాద్‌లో ఉన్న మా అక్క వెళ్ళి కూర్చుంటే రెండు రోజుల్లో ఇచ్చారు. నాణ్యమైన పనికి టైం పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ నెల పడుతుందని ముందే చెబితే ఎవరైనా ఆగుతారు. ఆ ఒక్క విషయంలో నేను మార్కులు కట్ చేస్తాను. ఫోమ్ పని కూడా అంత శుభ్రంగా లేదు, తలుపు మడతబందు దగ్గర జిగురు కొంచెం బయటికి వచ్చింది, నేనే స్పిరిట్‌తో తుడుచుకున్నాను. వెలుగు దూరడం మాత్రం లేదు.

మీటరు సంగతి. చీటీ ప్రకారం ఎక్కువ వెలుగులోనూ మధ్యస్థంలోనూ డిజిటల్‌తో సమానం, తక్కువ వెలుగులో అర స్టాపు ఎక్కువ చూపిస్తుంది. డయోడ్ స్వభావమే అది, వెలుగు తగ్గితే కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే డయోడ్ దించే ఓల్టేజి కూడా తగ్గుతుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీసేటప్పుడు రింగుని సూది మీద కాకుండా అర స్టాపు తెరిచి పెడుతున్నాను, అంతే. నేను సొంతంగా కూడా ఎండలో చూసుకున్నాను. మిట్టమధ్యాహ్నం, మబ్బు లేనప్పుడు, ఐఎస్ఓ 100 పెడితే ఎఫ్16, 1/125 దగ్గర రావాలి. ఈ పరీక్ష మాత్రం బీచ్‌లో చేయకండి, ఇసుక, నీళ్ళు వెలుగుని తిప్పికొట్టి మీటరుని తప్పుదారి పట్టిస్తాయి. నేను మొదట ఆర్‌కే బీచ్‌లో చేసి కంగారుపడి, తర్వాత గడ్డి ఉన్న మైదానంలో చేస్తే సరిగ్గా కూర్చుంది.

ఇప్పటికి మూడు రీళ్ళు తీశాను, రెండు కొడాక్ గోల్డ్ 200, ఒకటి బ్లాక్ అండ్ వైట్. భీమిలిలో తెల్లవారుజామున పడవలు, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళ చేతులు, సింహాచలం మెట్లు. ఒకటి మాత్రం చెప్పాలి. అమ్మమ్మ వరండాలో కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, వెనక ఎండ, ముఖం నీడలో. దగ్గరికి వెళ్ళి ఆమె చెంప నింపేలా పెట్టి కొలిచి, వెనక్కి వచ్చి తీశాను. నెగటివ్‌ని వెలుగుకి ఎత్తి చూస్తే చిక్కగా ఉంది, ప్రింటులో ముక్కుపుడక రాయి కూడా కనిపిస్తోంది. ఇంతకుముందు ఇలాంటి ఫ్రేము నల్లగా వచ్చేది.

మీ కెమెరా వేరేదైతే ఈ వైద్యమే సరిపోతుందని అనుకోకండి. పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌లో మీటరు సర్క్యూటు ఓల్టేజి తేడాని పెద్దగా పట్టించుకోని రకం, దానికి డయోడ్ అక్కర్లేదు, ఎవరైనా అతికిస్తానంటే వద్దనండి. ఒలింపస్ ట్రిప్ 35 లాంటివాటికి అసలు బ్యాటరీయే ఉండదు, లెన్సు చుట్టూ ఉన్న సెలీనియం పలకే కరెంటు పుట్టిస్తుంది, అది నీరసించిపోతే వైరు మార్చినా లాభం లేదు. అలాంటివి తెస్తే ఆ పెద్దాయన చేయనని ముందే చెప్పి పంపేస్తారట, డబ్బు తీసుకోరట. నేను కూర్చున్న గంటలోనే ఒకాయన్ని అలా పంపడం చూశాను కూడా.

వెళ్ళేముందు మీరే చేసుకోదగ్గ పని ఒకటుంది. చెవి మెషిన్ బ్యాటరీ 675 ఒకటి వేసి, స్టిక్కర్ పీకాక అయిదు నిమిషాలు ఆగి, రెండు రోజులు చూడండి. తప్పు ఎప్పుడూ ఒకేలా ఉండి ఈ బ్యాటరీతో పోతే మీకు రిపేరే అక్కర్లేదు. సూది ఎగురుతుంటే మాత్రం వైరో స్విచ్చో. నేరుగా సూర్యుడి వైపు పెట్టి వెంటనే కొలవకండి, ఈ కాడ్మియం సల్ఫైడ్ సెన్సర్లకి ఎక్కువ వెలుగు చూశాక మామూలుగా అవడానికి కాసేపు పడుతుంది. తీయడం అయ్యాక అడుగున ఉన్న స్విచ్చు ఆఫ్ చేయడం మరవద్దు, నెలల తరబడి వాడకపోతే బ్యాటరీ తీసేయండి. నా వైరు కుళ్ళింది అలా లోపల వదిలేసిన బ్యాటరీ వల్లే.

షాపు మధ్యాహ్నం పన్నెండు తర్వాతే తెరుస్తారు, ఆదివారం ఉండదు. బ్యాటరీ తీసి విడిగా పట్టుకెళ్ళండి, పాడైన నెగటివ్‌లు రెండు కూడా పట్టుకెళ్ళండి, ఆయన ముందు వాటినే అడుగుతారు. తేదీ చెబితే దానికి నెల కలుపుకోండి, వీలైతే హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళెవరినైనా మధ్యలో ఒకసారి పంపండి. కొరియర్‌లో పంపితే తీసుకోరు, మనిషి వచ్చి ఎదురుగా కూర్చుంటేనే కెమెరా విప్పుతారు.